కాపుల ముందు చదివిన ఉత్తరం

మా బడిలో రెండు గదులున్నాయి. ఒకదానికి చాలాకాలంగా తాళం వేసి ఉంది. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు ఆ గదిలో కూర్చునేవారు. నల్లబల్ల పక్కన వాళ్ళు సుద్దముక్కతో గీసిన పడవలు అట్లాగే ఉన్నాయి. ఉప్పుగాలికి కిటికీ ఊచలు పెచ్చులు పెచ్చులుగా రాలుతున్నాయి. రెండో గదిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు తొమ్మిదిమంది. వాళ్ళకు నేను అక్షరాలు దిద్దిస్తున్నాను. ఆ తాళం ప్రభుత్వం వేయించిందని చాలామంది అనుకుంటారు. అందులో నా వంతు ఎంతో నాకు తెలుసు కనక ఇది రాస్తున్నాను.

ఈ బడి ఉన్నది బోగోలు మండలంలో సముద్రపు ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళు ఉండే చిన్న పాలెంలో. మాది ఆ ప్రాంతం కాదు. బుచ్చిరెడ్డిపాలెం పక్క ఊరు మాది. మా తాత బతికున్న రోజుల్లో మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పోయేవాళ్ళు. గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుపడి దాచడమూ లేదు. మా ఊరి బడికి స్థలం ఇచ్చింది ఆయనే. ఆయన పేరు చెక్కిన రాయి బడి గోడలో ఇప్పటికీ ఉంది. ఏటా సున్నం కొట్టి కొట్టి అక్షరాలు పూడిపోయాయి.

మా నాయన కాలానికి వరి మీద మోజు పోయింది. ఆయన మాగాణి అమ్మి సముద్రపు ఒడ్డున రొయ్యల చెరువులు తవ్వించాడు. మూడు పంటలు చేతికొచ్చాయి. నాలుగోసారి తెల్లమచ్చ తెగులు తగిలి, ఒక్క వారంలో గట్ల వెంబడి చచ్చిన రొయ్యలు మేటలు వేశాయి. ఆ వాసన మా బట్టల్లోంచి పోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ తరవాత పొలం లేదు, ఇల్లు లేదు. నేను టీచరు ట్రైనింగు చేసి ఉద్యోగంలో చేరాను.

ఇన్నేళ్ళలో ఇస్త్రీ లేని చొక్కాతో నేను బడికి పోయింది లేదు. బదిలీ కోసం ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు. ఎవరినీ ఏదీ అడగలేదు. మా ఇంటి నుంచి నాకు దక్కిన ఆస్తి అదొక్కటే అనుకునేవాణ్ణి.

మా చెరువులు ఈ పాలేనికి దగ్గరలోనే ఉండేవి. చెరువుల్లోకి ఉప్పునీళ్ళు తెచ్చుకోవడానికీ, మురుగు వదలడానికీ మా నాయన ఒక కాలువ తవ్వించాలనుకున్నాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, సెలవులకు వచ్చి ఉన్నాను. ఒకరోజు మిట్టమధ్యాహ్నం పాలెం నుంచి అయిదుగురు మనుషులు వచ్చారు. చెరువు గట్టు మీద కొట్టంలో మా నాయన పడక కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. నేను కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. వాళ్ళు ఎండలో, చెప్పుల్లేని కాళ్ళతో నిలబడ్డారు.

"అయ్యా, ఆ కాలవ మా మంచినీళ్ళ బావి పక్కనే పోతా ఉండాది. బావి ఉప్పయిపోతాది. నాలుగు బారలు అవతలికి జరపండయ్యా" అన్నాడు ముందున్న మనిషి.

మా నాయన పేపరు చదవడం పూర్తిచేశాడు. మడత పెట్టాడు. "చూస్తాంలే, పోండి" అన్నాడు. వాళ్ళు ఎంతసేపు నిలబడ్డారో నేను చూస్తూనే ఉన్నాను. కొట్టంలో నీడ ఉంది. లోపలికి రమ్మని ఆయన అనలేదు, నేనూ అనలేదు.

కాలువ అనుకున్న చోటే తవ్వారు. తరవాతి ఎండాకాలానికి బావి ఉప్పయింది. పాలెం ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తీసి నీళ్ళు తోడుకోవడం మొదలుపెట్టారు. పాలెం నుంచి ఒక్క మనిషి కూడా మా చెరువుల్లో పనికి రాకూడదని వాళ్ళ పెద్దలు కట్టడి చేశారు. అట్లాంటి కట్టడిని వాళ్ళు దురాయి అంటారు. దురాయి పెట్టే పెద్దలను కాపులంటారు. అది కులం పేరు కాదు, పాలెంలో వాళ్ళకున్న హోదా. కాపులు మాట అంటే అది పోలీసుల మాట కన్నా, మండలాఫీసు మాట కన్నా ఎక్కువ.

అన్నేళ్ళ తరవాత బదిలీల్లో కంప్యూటరు నాకు ఆ పాలెం బడినే ఇచ్చింది. మార్చమని అడగవచ్చు. అడగలేదు. చేరిన రోజే ఒక ముసలాయన బడి దగ్గరికి వచ్చాడు. ఆనాడు ఎండలో ముందు నిలబడిన మనిషి. ఇప్పుడు పెద్దకాపు.

"ఏ ఊరు సారూ మనది?"

ఊరు చెప్పాను. ఇంటిపేరు కూడా చెప్పాను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "అట్నా. మీ నాయన పడక్కుర్చీ ఉండాదా ఇంకా?"

"లేదు."

"నాయన?"

"పోయినారు."

"సరే. పిల్లకాయలకు సదువు జెప్పు" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ బడి వైపు రాలేదు. నేను కూడా కాపులు కూర్చునే వైపు పోలేదు. గంగమ్మ గుడి ముందు, వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు అది. ఎవరికి ఏ పని కావాలన్నా అక్కడికే పోవాలి. పాలెం మనిషైనా, బయటి మనిషైనా ఇసుకలో చెప్పులు విడిచి ముందు నిలబడాలి. వాళ్ళు కూర్చోమన్నాక వల మీద కూర్చుని చెప్పుకోవాలి. అది వాళ్ళ పద్ధతి.

బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమె ఆ పాలెం మనిషే. భర్త వేటకు పోయి తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు, నాలుగో తరగతి. నా సర్వీసులో అట్లా చదివే పిల్లను నేను చూడలేదు. బియ్యం బస్తా మీద అచ్చు, మందుల అట్ట, పడవల మీది నంబర్లు, ఏది కనపడితే అది చదివేది. తుఫాను కబురు వస్తే మగవాళ్ళు పేపరు తెచ్చి ఆ పిల్ల చేత చదివించుకునేవాళ్ళు. నేను పిల్లలను మెచ్చుకునే మనిషిని కాను. ఆ పిల్ల చదువుతుంటే మాత్రం "ఊఁ" అనేవాణ్ణి. నా నోట "ఊఁ" వస్తే ఆ పిల్ల ఆ రోజంతా నవ్వుకుంటూ తిరిగేదని వాళ్ళమ్మ తరవాత చెప్పింది.

ఒకరోజు మండలం నుంచి ఒక కుర్రసారు వచ్చాడు. మూడు నుంచి అయిదు తరగతులను రోడ్డు మీది హైస్కూలులో కలుపుతున్నారని చెప్పి ఫోను చూపించాడు.

"కిలోమీటరు లోపే ఉంది సార్. చూడండి."

"మధ్యలో కాలువ ఉంది. ఫోన్లో కనపడుతుందా?"

"మీరు రాస్తే చాలదు సార్. వాగో కాలవో అడ్డం ఉందని తల్లిదండ్రుల కమిటీ తీర్మానం చేసి, సంతకాలో వేలిముద్రలో పెట్టియ్యాలి. అట్లాంటి చోట కలపకుండా వదిలేస్తున్నారు. పది రోజుల్లో పంపండి." బండి ఎక్కుతూ అన్నాడు: "వాళ్ళ పిల్లలే గదా సార్. మీరొక మాట అడిగితే పెట్టరా?"

ఆ కాలువ మా నాయన తవ్వించినదే. చెరువులు పూడిపోయినా అది పోలేదు. దాని మీద రెండు తాటిమొద్దులు వేసి దాటుతుంటారు. ఎండాకాలం మోకాటి లోతు ఉంటుంది. కార్తీకంలో వాయుగుండం పడితే మనిషి మునుగుతాడు.

తీర్మానం రాసి తల్లిదండ్రులను పిలిపించాను. ఎనిమిదిమంది వచ్చి వరండాలో నిలబడ్డారు. చదివి వినిపించి ఇంకుప్యాడు ముందు పెట్టాను. ఎవరి చెయ్యీ కదల్లేదు.

"కాపులేమన్నారు సారూ?" అని ఒకతను అడిగాడు.

"కాపులకేం సంబంధం? కమిటీ మీరు."

"మేమా? ఆ పొద్దు ఫోటోకు నిలబడమంటే నిలబడినాం సారూ" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే వెళ్ళిపోయారు. ఇంకుప్యాడు మూత నేనే పెట్టాను.

వంటామె గిన్నెలు తోముతూ ఇదంతా వింది. "ఒక్కసారి పోయి నిలబడండి సారూ. చెప్పులిడిసి నిలబడితే కూకోమంటారు. రొయ్యల కంపెనీ మేనేజరే వచ్చి నిలబడి పోయినాడు" అంది.

"వాళ్ళ పిల్లల కోసం నేను పోయి అడగాలా?"

"ఎవురి పిల్లకాయలైతే ఏంది సారూ? సంతకాలు కావాల్సింది మీకే గదా."

"నాకు కాదు, మీకు."

"బాగుండాది. వాళ్ళు సారుకు గావాలంటారు, మీరు వాళ్ళకు గావాలంటారు. ఈలోపల పిల్లకాయలు కాలవలో పడతారు" అంది.

నేను ఆ రాత్రి ఉత్తరం రాశాను. ఒక పేజీ నిండా, తప్పు లేకుండా, మంచి దస్తూరితో. గౌరవనీయులైన గ్రామ పెద్దలకు అని మొదలుపెట్టి, కాలువ పిల్లల రాకపోకలకు ఎట్లా అవరోధమో రాసి, కింద ఇంటిపేరుతో సహా సంతకం చేశాను. కవరులో పెట్టి పొద్దున వంటామె చేతికిచ్చాను. మర్యాదగా చేశాననే అనుకున్నాను. మా నాయన కూడా ఎవరి దగ్గరికీ తాను పోయేవాడు కాదు, చీటీ పంపేవాడు.

మర్నాడు ఆమెను అడిగాను, ఏమన్నారని.

"పెద్దకాపు కాగితం అటూ ఇటూ తిప్పినాడు. 'మాకు సదువు రాదని సారుకు తెలుసునా?' అన్నాడు. తెలుసన్నా. 'తెలిసే పంపినాడా?' అన్నాడు. నేనేం జెప్పేది? మా పాప ఉండాది గదా, అది సదివింది."

"అంతా చదివిందా?"

"ఒక్క మాట తప్పకండా సదివినాది. అవరోధమో ఏందో, ఆడ గూడా నిలబళ్ళా. అందరూ వలలిడిసిపెట్టి ఇన్నారు. కడాన మీ సంతకం సదివింది, ఇంటిపేరుతో. అప్పుడు నవ్వినాడు పెద్దకాపు. 'ఇంటిపేరు వచ్చినాది, మనిషి రాలేదే. సారుకు కాళ్ళు లేవామ్మే?' అన్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "ఎల్లుండి సందేళదాకా చూస్తారంట సారూ. వస్తే కూకోబెడతామన్నాడు."

ఆ ఎల్లుండి సాయంత్రం బడి వదిలాక నేను బయలుదేరాను. గుడి దాకా పోయాను. షెడ్డులో ఆరుగురున్నారు. ఇరవై అడుగుల దూరంలో ఆగాను. పెద్దకాపు నన్ను చూశాడు. చేతిలో వల అల్లే కదురు పక్కన పెట్టాడు. ఆయన పక్కనున్న మనిషి వల కుప్పను కాలితో జరిపి చోటు చేశాడు. నేను కూర్చోవడానికి. అది స్పష్టంగా చూశాను. చేయవలసింది చెప్పులు విడవడం, ఇరవై అడుగులు నడవడం. అందరూ ఎదురుచూస్తున్నారు. నా కళ్ళకు షెడ్డు కనపడలేదు, మా కొట్టం కనపడింది. కుర్చీ వైపు ఉండాల్సినవాణ్ణి ఎండ వైపు నిలబడాలి.

సముద్రం చూడడానికి వచ్చినవాడిలాగా అటు తిరిగాను. కాసేపు నీళ్ళ వైపు చూసి, చెప్పులతోనే వెనక్కి వచ్చేశాను. నా వెనక ఎవరూ నవ్వలేదు.

తీర్మానం పోలేదు. వారం తిరిగేసరికి పిల్లలను హైస్కూలుకు మార్చే కాగితాలు నేనే రాశాను. ఒక్కొక్కదాని కిందా సంతకం చేశాను. వంటామె కూతురు తన కాగితం అందుకుని, అందరికీ వినపడేట్టు పైనుంచి కిందిదాకా చదివింది. నేను "ఊఁ" అనలేదు. అనాల్సింది.

కొన్నాళ్ళు అందరూ పోయారు. పొద్దున నేను కాలువ దాకా పోయేవాణ్ణి కాదు. నా బడి వేళ కూడా అదే అని నాకు నేను చెప్పుకున్నాను. కార్తీకంలో ముసురు పట్టింది. ఒక ఉదయం తాటిమొద్దు మీద ఆ పిల్ల కాలు జారింది. దిగువన విసురువల వేస్తున్న మనిషి ఒకడు జుట్టు పట్టుకుని లాగాడు. పుస్తకాల సంచి సముద్రంలోకి పోయింది. పిల్ల పది రోజులు జ్వరంతో పడుకుంది. లేచాక వాళ్ళమ్మ బడికి పంపలేదు.

"నేను పొద్దున్నే ఈడ పొయ్యి ముట్టియ్యాల. దాన్ని దాటిచ్చేదెవురు?" అంది నాతో. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి సమాధానం చెప్పి ఉండేవాణ్ణి.

తొమ్మిదిమందికి వండితే ఆమెకు గిట్టలేదు. సంక్రాంతి ముందే ఆ పని మానేసి, కూతుర్ని వెంటబెట్టుకుని రొయ్యల తలలు తీసే షెడ్డుకు పోవడం మొదలుపెట్టింది. ఆ వయసు పిల్లను అక్కడ పెట్టుకోవడం నేరం. నేను మండలానికి రాశాను. ఎవరో వచ్చి చూసి పోయారు. వాళ్ళు వచ్చిన రోజు షెడ్డులో పిల్లలెవరూ లేరు.

మాఘమాసంలో ఒక పొద్దున బోగోలు బస్సు ఆగే చోట రొయ్యల షెడ్డు వ్యాను ఆగి ఉంది. వెనక ఆడవాళ్ళ మధ్య ఆ పిల్ల కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడబోయింది. పైన రేకు తగిలింది.

"గుడ్ మార్నింగ్ సార్."

"చదువుతున్నావా?"

"ఐసు డబ్బాల మీద ఉంటాది సార్, ఇంగ్లీషులో. అది చదువుతా ఉంటా."

చేతులు పావడాలో దాచుకుంది. దాచేలోపల చూశాను. ఐసు నీళ్ళలో నాని వేళ్ళ కొసలు తెల్లగా ఉబ్బి, పగిలి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే గుడి ముందు కాపుల షెడ్డుకు పోయాను. చెప్పులు దూరంగా విడిచాను. ఇసుక కాలుతోంది. పోయి నిలబడ్డాను. పెద్దకాపు తలెత్తలేదు. వల అల్లుకుంటూనే ఉన్నాడు. మా నాయన పేపరు చదవడానికి ఎంతసేపు పట్టిందో దాదాపు అంతసేపు అల్లాడు. ఆయన కొలిచి నిలబెట్టాడో, నాకు అట్లా అనిపించిందో తెలియదు.

"ఏంది సారూ?"

"అడగడానికొచ్చాను."

ఆయన పక్కనున్న రేకుడబ్బా తెరిచి, వల దారాల కింది నుంచి ఒక కవరు తీశాడు. నాదే. "ఆపొద్దు పాప సదివింది. నీ నోట ఇనలా. సదువు."

నిలబడి చదివాను. గౌరవనీయులైన అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంది. అవరోధము దగ్గర ఆగి మళ్ళీ అందుకోవాల్సి వచ్చింది. సంతకం దగ్గరికి వచ్చి ఆపేశాను.

"ఇంటిపేరు గూడా సదువు" అన్నాడు ఒకతను.

చదివాను.

"పాప ఇంతకన్నా బాగా సదివినాది" అన్నాడు ఇంకొకతను. ఎగతాళికి కాదు, ఉన్న మాట అన్నాడు.

పెద్దకాపు కాగితం తీసుకుని మడతల మీదే మడిచాడు. "బావి గురించి లేదే ఇందులో."

"లేదు. రాయలేదు" అన్నాను. "ఆ రోజు నేను కుర్చీ వెనకే ఉన్నాను" అన్నాను.

"తెలుసు. నీలం చొక్కా."

ఆ తరవాత నేను అడగాల్సింది అడిగాను. పిల్లలను కాలువ దాటించమని, బడి ఈడు పిల్లలను రొయ్యల షెడ్డుకు పంపకుండా చూడమని. మూసేసిన తరగతుల మాట కూడా అన్నాను.

"అది మా చేతిలో లేదు. ఆపొద్దుండింది. ఇప్పుడు నీ చేతిలో గూడా లేదు" అన్నాడు ఆయన. మిగతా రెండింటికీ ఒప్పుకున్నాడు. నన్ను కూర్చోమనలేదు.

దురాయి మర్నాడే పెట్టారు. ఇంటికొక మనిషి చొప్పున వంతులు వేసుకుని, పొద్దునా సాయంత్రం కాలువ దగ్గర మోకు పట్టుకుని నిలబడుతున్నారు. పాలెంలో ఏ ఇంటి పిల్లా షెడ్డుకు పోకూడదని చాటారు. పిల్లలు మళ్ళీ హైస్కూలుకు పోతున్నారు. వంటామె కూతురు పోవడం లేదు. ఒక మనిషి కూలితో ఆ ఇల్లు గడవదు. దురాయి పెట్టిన నాలుగో రోజు ఆమె కూతుర్ని తీసుకుని సూళ్లూరుపేట అవతల తన అన్న ఉండే పాలేనికి వెళ్ళిపోయింది. అక్కడ కూడా రొయ్యల షెడ్డు ఉందట. ఈ కాపుల మాట అంత దూరం పోదు. పోయేటప్పుడు ఆమె బడి దగ్గరికి వచ్చి, తన దగ్గరే ఉండిపోయిన వంటగది తాళంచెవి నా బల్ల మీద పెట్టింది. "మంచి పనే చేసినారు సారూ. కొంచెం ముందు చేసుంటే బాగుండు" అంది.

పోయిన నెల హైస్కూలు హెడ్మాస్టరు ఫోను చేశాడు. ఆ పిల్ల చాలా రోజులుగా రావడం లేదు, పేరు తీసెయ్యమంటారా అని. ఇంకొక నెల ఉంచండని అడిగాను. సరేనన్నాడు. సూళ్లూరుపేట పోయి రెండు పాలేలు వెతికాను, వాళ్ళు కనపడలేదు. ఆ నెల నిన్నటితో అయిపోయింది.